ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. వంటింట్లో అది నిజమే. ఒకే కుండ, ఒకే ఎసరు, ఒకే మంట కాబట్టి ఆ మెతుకు మిగతా వాటి సంగతి కూడా చెప్పేస్తుంది. చెన్నై తినే తిండి మాత్రం ఒక్క కుండలో ఉడకదు. తెల్లవారుజామున ఆవిన్ పాల ప్యాకెట్లు, కోయంబేడులో దిగే కూరగాయల లారీలు, కాశిమేడు రేవుకు వచ్చే చేపలు, టి.నగర్ ఆంధ్రా మెస్సుల్లో గోంగూర పచ్చడి, సాయంత్రం మెరీనాలో వేడి వేడి బజ్జీలు. ఒక్కో పదార్థం ఒక్కో ఊరి నుంచి, ఒక్కో చేతి మీదుగా వస్తుంది. మైలాపూరులో ఒక అధికారి నమూనాగా పట్టుకెళ్లిన ఇడ్లీ పెరంబూరు ఇడ్లీ గురించి ఏమీ చెప్పలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పరీక్షించిన పదార్థం తినడానికి మిగలదు, తినేసిన పదార్థం పరీక్షకు మిగలదు. ల్యాబ్ నివేదిక రావడానికి చట్టం ఇచ్చిన గడువే 14 రోజులు. ఇడ్లీ ఆయుష్షు ఒక పూట. మరి పట్టుమని పది దుకాణాలు చూసేసరికి పొద్దుగూకే అధికారులు ఇంత పెద్ద ఊరి తిండిని ఎలా కాపాడతారు?

ప్రతి ముద్దనూ పరీక్షించడం ఎవరి తరమూ కాదు, ఆ పని ఎవరూ చేయడం లేదు కూడా. ప్రమాదం ఎక్కడ పుడుతుందో చూసి అక్కడ కాపు కాయడమే ఈ పనిలోని కిటుకు. కొన్ని ప్రమాదాలు ల్యాబ్‌లో దొరుకుతాయి. కొన్ని పళ్లెంలో కనిపించవు గానీ గోదాములో దొరుకుతాయి. కొన్నిటికి వండే పద్ధతినే ఆపేయాలి. కొన్నిటి కోసం ఆవు మేసే తొట్టి దాకా వెళ్లాలి. ఈ నాలుగు రకాలకూ చెన్నై పరిసరాల్లో ఈమధ్య కాలంలోనే ఉదాహరణలున్నాయి.

మెరీనాలో గులాబీ రంగు

2024 ఫిబ్రవరిలో పీచు మిఠాయి వార్తలకెక్కింది. ముందు పుదుచ్చేరిలో అమ్మకాన్ని నిషేధించారు. చెన్నైలో ఆహార భద్రతా అధికారులు మెరీనా ఇసుకలో తిరుగుతూ అమ్మేవాళ్ల దగ్గర గులాబీ రంగు మిఠాయి నమూనాలు తీసుకుని గిండీలోని ప్రభుత్వ ఆహార విశ్లేషణ ల్యాబ్‌కు పంపారు. వాటిలో రోడమిన్-బి అనే రంగు బయటపడింది. ఫిబ్రవరి 17న తమిళనాడు ఆరోగ్యశాఖ మంత్రి మా. సుబ్రమణియన్ ఆ మిఠాయిపై రాష్ట్రమంతటా నిషేధం ప్రకటించారు. మార్చిలో కర్ణాటక పీచు మిఠాయిలోనే కాక గోబీ మంచూరియాలోనూ కృత్రిమ రంగులను నిషేధించింది.

రోడమిన్-బి బట్టలకూ కాగితాలకూ వేసే అద్దకపు రంగు. చిటికెడు పొడితో బకెట్టు నీళ్లు ఎర్రబడతాయి. బట్టను పట్టుకుని వదలకుండా ఉండటమే దాని పని. మిఠాయివాడు దాన్ని ఎందుకు వాడతాడో ఊహించడం కష్టం కాదు. చవక, కొంచెం వేస్తే చాలు, పైగా జిగేలుమంటుంది. తినదగిన రంగులు అంత జిగేలుమనవు. పీచు మిఠాయి యంత్రం చక్కెరను కరిగించి గిరగిరా తిప్పి సన్నని దారాలుగా విసురుతుంది. రంగు ముందే చక్కెరలో కలిసి ఉంటుంది. నెత్తిన కర్రకు పొట్లాలు కట్టుకుని ఇసుకలో తిరిగే ఆ కుర్రాళ్లలో చాలామంది ఉత్తరాది నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు. తాము కలిపే పొడి పేరు కూడా వాళ్లలో ఎందరికి తెలుసు? అందుకే ఇలాంటి కేసుల్లో చివరి అమ్మకందారుని పట్టుకుని ఊరుకుంటే లాభం లేదు. ఆ పొడి ఏ దుకాణంలో, ఏ చీటీ అతికించిన పొట్లంలో అమ్ముడుపోయిందో వెనక్కి వెతుక్కుంటూ పోవాలి.

ల్యాబ్‌లో రంగును పట్టుకోవడం చూడముచ్చటైన పని. మిఠాయిని నీళ్లలో కరిగిస్తారు. తెల్లటి ఉన్ని పోగును అందులో వేసి మరిగిస్తే రంగు ఆ ఉన్నికి పట్టుకుంటుంది. చక్కెర, ఇతర సరుకు నీళ్లలోనే ఉండిపోతాయి. ఉన్ని నుంచి రంగును విడదీసి కాగితం అంచున ఒక చుక్క పెడతారు. పక్కనే ముందే పేరు తెలిసిన రంగుల చుక్కలు కూడా వరసగా ఉంటాయి. కాగితం ద్రావకాన్ని పీల్చుకుంటున్నకొద్దీ ఒక్కో రంగు ఒక్కో వేగంతో పైకి పాకుతుంది. తెలియని చుక్క ఏ తెలిసిన చుక్కతో సమానంగా ఆగిందో చూస్తారు. అతినీలలోహిత కాంతి కింద పెడితే రోడమిన్-బి ధగధగా మెరుస్తుంది కూడా. అనుమానం ఉంటే పెద్ద యంత్రాలతో ఖాయం చేసుకుంటారు.

ఇక్కడ ఒక మాట నిదానంగా చెప్పుకోవాలి. రోడమిన్-బి క్యాన్సర్ తెస్తుందని ఆ రోజుల్లో ప్రతి టీవీ ఛానలూ చెప్పింది. జంతువుల మీద జరిపిన ప్రయోగాల్లో హాని కనిపించిన మాట నిజమే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకమో కాదో తేల్చడానికి తగిన ఆధారం లేని పదార్థాల జాబితాలో పెట్టింది. మరి నిషేధం ఎందుకంటారా? ఆహార చట్టం ప్రశ్నను తిరగేసి అడుగుతుంది కాబట్టి. ఇది హానికరమని ప్రభుత్వం రుజువు చేయాలా, లేక ఇది సురక్షితమని వాడేవాడు రుజువు చేయాలా? కలపదగిన వాటి జాబితా ఒకటుంది. కృత్రిమ రంగుల విషయంలో మన దేశంలో ఆ జాబితాలో ఉన్నవి ఎనిమిదే. ఎరుపుకు మూడు, పసుపుకు రెండు, నీలానికి రెండు, ఆకుపచ్చకు ఒకటి. వాటిని కూడా ఏ పదార్థంలో పడితే ఆ పదార్థంలో వేయకూడదు, వేసినా సాధారణంగా పది లక్షల పాళ్లలో వంద పాళ్లు దాటకూడదు. జాబితాలో లేనిదాన్ని కలిపితే అది ఎంత హాని చేస్తుందన్న వాదనతో పని లేకుండానే తప్పవుతుంది. లేకపోతే ప్రతి కొత్త పొడికీ ఇరవై ఏళ్ల పరిశోధన పూర్తయ్యేదాకా పిల్లలు తింటూనే ఉండాలి. రంగు వేయని తెల్ల పీచు మిఠాయికి ఈ నిషేధం వర్తించలేదన్నది చాలామంది మరిచిపోయిన సంగతి.

> ఒక నమూనా, నాలుగు సీసాలు
>
> ఆహార భద్రతా అధికారి నమూనాను ఊరికే తీసుకోడు, ధర చెల్లించి కొంటాడు. అక్కడున్న వాళ్లలో ఒకరినైనా సాక్షిగా పిలిచి సంతకం తీసుకోవాలి. ఆ పదార్థాన్ని నాలుగు భాగాలు చేసి, నాలుగింటికీ సీలు వేస్తారు. ఒకటి ఫుడ్ ఎనలిస్టు దగ్గరకు వెళుతుంది. రెండు భాగాలు జిల్లాస్థాయిలో ఉండే నియమిత అధికారి దగ్గర భద్రంగా ఉంటాయి. వ్యాపారి కోరితే నాలుగోదాన్ని గుర్తింపు పొందిన మరో ల్యాబ్‌కు పంపుతారు. రెండు ల్యాబ్‌ల మాటా కలవకపోయినా, ఎనలిస్టు నివేదికపై వ్యాపారి 30 రోజుల్లో అప్పీలు చేసుకున్నా, దాచిన భాగాల్లో ఒకటి రెఫరల్ ల్యాబ్‌కు వెళుతుంది. దాని మాటే చివరిది. పాల నమూనా విరిగిపోకుండా ఫార్మలిన్ చుక్కలు కలపడం ఎన్నో దశాబ్దాల నాటి పద్ధతి. తిండిలో ఉండకూడదని మనం గోల పెట్టే ఆ ఫార్మలినే, తినడానికి కాని సీసాలో సాక్ష్యాన్ని కాపాడుతుంది.

ల్యాబ్ మాట కోర్టులో నిలవాలి

ఇంత తతంగం ఎందుకంటే, ల్యాబ్ రాసిన కాగితం ఒకరి వ్యాపారాన్ని మూయించగలదు, ఒక్కోసారి మనిషిని జైలుకు పంపగలదు. ఈ పట్టింపు మద్రాసుకు కొత్తేమీ కాదు. నేటి ఆంధ్రలో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1918లో, మద్రాసు కల్తీ నిరోధక చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1954లో దేశమంతటికీ ఒకే కల్తీ నిరోధక చట్టం చేశారు. ఆ చట్టం కల్తీని దొంగతనంలా చూసింది. దొంగ దొరికితే శిక్ష వేయడమే దాని తీరు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చి ఆ చూపును మార్చింది. దొంగ కోసం ఎదురుచూడకుండా, తిండి తయారుచేసే ప్రతివాడూ ముందే పేరు నమోదు చేసుకోవాలి, పద్ధతి పాటించాలి, లెక్కలు ఉంచాలి అంది. చెన్నై కార్పొరేషన్ ఆరోగ్య విభాగం చేతిలో ఉండే ఆహార తనిఖీ కూడా ఆ తర్వాత ప్రత్యేక శాఖ కిందికి పోయింది.

గిండీ ల్యాబ్ ఉన్న కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణ కూడా చరిత్ర ఉన్న చోటే. ఆ సంస్థ 1899లో మొదలైంది. మద్రాసు రాష్ట్రానికి మశూచి టీకా మందు అక్కడి నుంచే వచ్చేది.

ల్యాబ్ తేల్చే తీర్పులు మూడు రకాలు. నాణ్యత తగ్గిందే తప్ప తింటే ప్రమాదం లేని సరుకు నాసిరకం. కొవ్వు తగ్గిన పాలు అలాంటివి. లేబుల్ మీద ఒకటి, లోపల ఒకటి ఉంటే తప్పుడు ముద్ర. ఆరోగ్యానికి హాని చేసేది అసురక్షితం. మొదటి రెండూ జరిమానాతో తేలిపోతాయి, నాసిరకానికి 5 లక్షల దాకా, తప్పుడు ముద్రకు 3 లక్షల దాకా. వాటిని అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి విచారిస్తాడు. అసురక్షితం మాత్రం క్రిమినల్ కోర్టుకు పోతుంది. పత్రికల్లో 'ఇన్ని నమూనాలు ఫెయిలయ్యాయి' అని చదివినప్పుడు ఈ మూడింటిలో ఏది ఎంతో అడగాలి. అన్నిటినీ ఒకే గాటన కట్టి బెదరగొట్టే శీర్షికలు నాకైతే కల్తీ కంటే తక్కువేమీ అనిపించవు.

కాగితం బలహీనంగా ఉంటే ఏమవుతుందో 2015లో దేశమంతా చూసింది. మ్యాగీ నూడుల్స్‌లో సీసం ఎక్కువుందన్న నివేదికలతో జూన్ 4న తమిళనాడు మూడు నెలల నిషేధం పెట్టింది. మర్నాడు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ నూడుల్స్‌ను దేశవ్యాప్తంగా ఆపేసింది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నమూనాలు పరీక్షించిన ల్యాబ్‌లకు ఆ పరీక్షకు తగిన గుర్తింపు లేదని, కంపెనీ మాట వినకుండానే చర్య తీసుకున్నారని చెప్పింది. ప్యాకెట్లో సీసం ఎంతుందన్న అసలు ప్రశ్న పక్కకు పోయి, కొలిచిన చేతికి అర్హత ఉందా అన్న ప్రశ్న ముందుకొచ్చింది. ల్యాబ్‌ల గుర్తింపు, యంత్రాలు, సిబ్బంది గురించి ఆ తర్వాతే అందరూ గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టారు.

కాయలో దొరకని సాక్ష్యం

ఏప్రిల్ వచ్చిందంటే కోయంబేడు మార్కెట్‌లో మామిడి గుట్టలు లేస్తాయి. కృష్ణగిరి, సేలం వైపు నుంచి కొన్ని, మన బంగినపల్లి లారీల్లో మరికొన్ని. దాంతోపాటే ఏటా అధికారుల దాడులు, చిన్న చిన్న తెల్ల పొట్లాలు పట్టుకున్న ఫొటోలు. ఆ పొట్లాల్లో ఉండేది కాల్షియం కార్బైడ్, వెల్డింగు షాపుల్లో గ్యాసు కోసం వాడే రాయి.

కాయ పండడానికి దానికది తయారుచేసుకునే వాయువు ఇథిలీన్. అది విడుదల కాగానే పిండి చక్కెరగా మారుతుంది, పచ్చదనం పోతుంది, గట్టి కండ మెత్తబడుతుంది. కార్బైడ్‌కు తేమ తగిలితే ఎసిటిలీన్ పుడుతుంది. అది ఇథిలీన్‌కు దగ్గర చుట్టం, కాయను దాదాపు అదే తీరులో మోసగిస్తుంది. తొక్క పసుపు పచ్చగా తిరుగుతుంది గానీ లోపల తీపి, వాసన పూర్తిగా రావు. అసలు ప్రమాదం ఎసిటిలీన్‌లో కంటే కార్బైడ్‌లో కలిసి ఉండే ఆర్సెనిక్, భాస్వరం మలినాలలో ఉంది. అందుకే పళ్లు మగ్గబెట్టడానికి దాన్ని వాడటం పూర్తిగా నిషేధం.

ఇప్పుడు ల్యాబ్ ఏం చేయగలదు? చాలా తక్కువ. మగ్గబెట్టిన గదిలోనే ఎసిటిలీన్ గాలిలో కలిసి పోయింది. మార్కెట్‌కు వచ్చిన కాయను కోసి పరీక్షిస్తే దాని జాడ ఉండదు. తన మీద జరిగిన నేరం గురించి కాయ ఏమీ చెప్పదు. కాబట్టి పట్టుకునే చోటు మారింది. 2025 మే నెలలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రాష్ట్రాలకు రాసిన లేఖలో ఈ సంగతి తేటగా ఉంది. గోదాములో గానీ పళ్ల పెట్టెల పక్కన గానీ కార్బైడ్ కనిపిస్తే చాలు, దాన్ని వ్యాపారి మీద సందర్భ సాక్ష్యంగా తీసుకుని కేసు పెట్టవచ్చని అందులో చెప్పారు. వెల్డింగు చేయని మామిడి కొట్టులో వెల్డింగు రాయికి పనేముంటుంది?

ఆపడం ఒక్కటే అయితే ఈ ఆట ఎప్పటికీ గెలవలేరు. కాయలు పచ్చిగా కోస్తేనే లారీ ప్రయాణం తట్టుకుంటాయి, వచ్చాక మగ్గబెట్టక తప్పదు. అందుకే ఇథిలీన్ వాయువునే పది లక్షల పాళ్లలో వంద పాళ్ల దాకా వాడుకోవచ్చని నిబంధనలు దారి చూపించాయి. మూసిన గదిలో గాలి తిరిగేలా చేసి, తేమ, వేడి అదుపులో ఉంచి ఆ వాయువు వదిలితే కాయ తన పద్ధతిలో తాను పండుతుంది. ఆ గది కట్టడానికి డబ్బు కావాలి, కార్బైడ్ పొట్లానికి అక్కర్లేదు. చిన్న వ్యాపారి ఏడాదికోసారి పొట్లం వైపు మొగ్గడానికి కారణం ఈ తేడాయే. దాడులు ఎన్ని చేసినా, అద్దెకు దొరికే మగ్గబెట్టే గదులు మార్కెట్‌కు దగ్గరలో పెరిగితేనే పొట్లాలు తగ్గుతాయన్నది నా ఉద్దేశం.

పచ్చి గుడ్డు, పొడుగు రోజు

షవర్మా, గ్రిల్డ్ చికెన్, మోమోల పక్కన తెల్లగా వడ్డించే మయోనైజ్‌లో ఉండేది గుడ్డు, నూనె, కొంచెం వెనిగర్ లేదా నిమ్మరసం. హోటళ్లలో చాలాచోట్ల పచ్చి గుడ్డుతోనే గిలక్కొడతారు. దాన్ని ఉడికించే అంకం ఎక్కడా లేదు. మన వంటల్లో దాదాపు ప్రతిదానికీ చివర ఒక మంట ఉంటుంది. సూక్ష్మజీవుల్ని చంపేది ఆ మంటే. పాలను ప్యాకెట్లో పోసే ముందు 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచడం కూడా అందుకే. మయోనైజ్‌కు ఆ రక్షణ లేదు. గుడ్డులో సాల్మొనెల్లా ఉంటే అది అలాగే గిన్నెలోకి వస్తుంది. మధ్యాహ్నం చేసిన గిన్నె రాత్రి పదకొండు దాకా చెన్నై ఉక్కపోతలో బల్ల మీద ఉంటే, అనువైన వేడిలో అరగంట లోపే రెట్టింపయ్యే ఆ జీవి ఎన్ని రెట్లు పెరుగుతుందో లెక్క కట్టుకోవచ్చు.

మళ్లీ నమూనా కథే. ఈ గిన్నెలో సాల్మొనెల్లా ఉంది, పక్క గిన్నెలో లేదు. ఇవాళ ఉంది, రేపు ఉండదు. తిన్నవాడికి జబ్బు ఆరు గంటల తర్వాత రావచ్చు, మూడు రోజుల తర్వాతా రావచ్చు. అప్పటికి ఆ గిన్నె కడిగేసి ఉంటుంది. ఎక్కడ తిన్నదీ మనిషికే గుర్తుండదు. అందువల్ల ఇక్కడ అధికారులు వస్తువును వెతకడం మానేసి పద్ధతినే ఆపారు. 2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిన్నవాళ్లు పలువురు జబ్బుపడి ఒక మహిళ చనిపోయిన తర్వాత తెలంగాణ ఆ నెలాఖరున పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. పాశ్చరైజ్ చేసిన గుడ్డుతోనో, గుడ్డు లేకుండానో చేసుకోవచ్చు. రుచి కొంచెం మారుతుందంటారు, మారనివ్వండి.

ఏడాది అన్న గడువు అధికారులు దయతలచి పెట్టింది కాదు. చట్టంలోని 30వ సెక్షను ప్రకారం ఆహార భద్రతా కమిషనరు ప్రజారోగ్యం కోసం ఏ పదార్థాన్నయినా నిషేధించవచ్చు గానీ ఏడాదికి మించి కాదు. ఇది ఉన్నఫళాన వాడాల్సిన అధికారం, శాశ్వత చట్టం చేసే అధికారం కాదు. తమిళనాడు 2013 మే నుంచి గుట్కాను ఇదే సెక్షను కింద ఏటా కొత్త ఉత్తర్వుతో నిషేధిస్తూ వచ్చింది. ఇలా ఏటేటా పొడిగించడం కుదరదని 2023 జనవరిలో మద్రాసు హైకోర్టు కొట్టేస్తే, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

> పద్నాలుగు అంకెల్లో ఏముంది?
>
> బిస్కెట్ ప్యాకెట్ మీద, హోటల్ గోడ మీద, బిల్లు అడుగున కనిపించే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చదవడం తేలిక. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రానివి. తమిళనాడుకు 24, ఆంధ్రప్రదేశ్‌కు 01, తెలంగాణకు 36. సున్నా సున్నా ఉంటే కేంద్రం ఇచ్చిన లైసెన్సు. ఆ తర్వాతి రెండు అంకెలు ఇచ్చిన సంవత్సరం. 12418తో మొదలైతే తమిళనాడులో 2018లో ఇచ్చిన లైసెన్సన్న మాట. ఈ నంబరు రుచికీ శుభ్రతకూ హామీ కాదు. ఏదైనా జరిగితే ఎవరి తలుపు తట్టాలో చెప్పే చిరునామా.

పాల వెనుక దాణా

పాలలో నీళ్లు, యూరియా, డిటర్జెంటు కలుపుతారన్న భయం మనకు చాలా పాతది. 2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా 1,103 పట్టణాల్లో 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. ప్రాణానికి ప్రమాదం తెచ్చే కల్తీ దొరికింది పన్నెండింట్లోనే. వాటిలో తొమ్మిది తెలంగాణవి కావడం మనవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి. అయితే అంతకంటే పెద్ద సమస్య ఎవరూ అనుకోని చోట బయటపడింది. మొత్తం నమూనాల్లో 5.7 శాతంలో అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషం పరిమితి దాటి ఉంది. రాష్ట్రాలవారీగా చూస్తే అలాంటివి ఎక్కువగా దొరికింది తమిళనాడులోనే, 551 నమూనాల్లో 88.

దీన్ని పాలలో ఎవరూ కలపలేదు. వేరుశనగ చెక్క, మొక్కజొన్న లాంటి దాణా తేమ తగిలి బూజు పడుతుంది. ఆ బూజు ఒక విషాన్ని తయారు చేస్తుంది. ఆవు ఆ దాణా తింటే దాని కాలేయం ఆ విషాన్ని కొంచెం మార్చి పాలలోకి వదులుతుంది. పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షల వంతులో సగం. కంటికి కనపడదు, వాసన రాదు, పాలు కాచినా పోదు. పాలవాడు నిజాయితీపరుడే, ఆవు కూడా ఆరోగ్యంగానే ఉంది, తప్పంతా దాణా గదిలో కారిన కప్పుది. పాల క్యానును ఎన్నిసార్లు పరీక్షించినా ఈ విషం తగ్గదు. రైతు దాణాను ఎండబెట్టుకోవాలి, బూజు పట్టిన చెక్కను పారేయాలి, దాణా కంపెనీలకు ప్రమాణాలుండాలి. ఆహార భద్రతా అధికారి అధికారం పశువుల కొట్టం దాకా సాగదు కాబట్టి ఇక్కడ పశుసంవర్ధక శాఖ, పాల సహకార సంఘాలు కలిసి రావాలి. రెండు శాఖల మధ్య గట్టు మీద పెరిగే సమస్య ఇది, అలాంటివి మన దేశంలో ఎంత కాలం పెరుగుతాయో చెప్పనక్కర్లేదు.

బజ్జీల నూనె సంగతి కూడా ఇలాగే మూలం దగ్గర తేలాల్సిందే. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచితే అందులో పుట్టే చెడు పదార్థాల మొత్తాన్ని ఒక చేతి మీటరు ముంచి అక్కడికక్కడే కొలవవచ్చు. అది 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు, 2018 జూలై నుంచి ఇది నియమం. పారబోయమంటే ఎవరు పారబోస్తారు? సందులో బండివాడికి సగం ధరకు అమ్మేస్తారు. అందుకే వాడేసిన నూనెను కొని బయోడీజిల్ చేసే ఏర్పాటును అదే ఏడాది ఆగస్టులో మొదలుపెట్టారు. పాత నూనెకు మరో గిరాకీ చూపించడమే అసలు మందు.

అన్నిటికంటే సులువైన చోటు మాత్రం చెన్నై ఓడరేవు. అక్కడ దిగే విదేశీ ఆహార పదార్థాలన్నీ ఒకే ద్వారం గుండా రావాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అధికారి కాగితాలు, లేబుల్, గడువు చూసి, అవసరమైతే నమూనా తీసి, అభ్యంతరం లేదని రాసిచ్చేదాకా సరుకు బయటకు కదలదు. లోపల ఊరికి అలాంటి ద్వారం లేదు.

పుచ్చకాయ పాఠం

2025 వేసవి మొదట్లో చెన్నైలో పుచ్చకాయల తనిఖీలు జరిగాయి. ఎర్రగా కనిపించడానికి కాయల్లో రంగు ఎక్కిస్తారని, కోసిన ముక్కను తెల్ల కాగితంతో తుడిచి చూడాలని అధికారుల మాటలు వీడియోలుగా ఊరంతా తిరిగాయి. జనం పుచ్చకాయ కొనడం మానేశారు. సరిగ్గా కోత సమయం కావడంతో చెంగల్పట్టు, విళుపురం వైపు రైతులు ధర పడిపోయిందని రోడ్డెక్కారు. తర్వాత శాఖ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది, ఆ వీడియోల్లో మాట్లాడిన అధికారి బదిలీ అయ్యారు.

సైన్సు వైపు నుంచి చూస్తే సూది కథ మొదటి నుంచీ అనుమానాస్పదమే. పుచ్చకాయ కండలో రంగును అంతటా తీసుకెళ్లే రక్తప్రసరణ లాంటిదేమీ లేదు. ఒక చోట ఎక్కించిన రంగు అక్కడే మచ్చగా ఉండిపోతుంది తప్ప కాయంతా సమంగా పరుచుకోదు. సూది గుచ్చిన చోటి నుంచి సూక్ష్మజీవులు చేరి కాయ త్వరగా కుళ్లుతుంది, వ్యాపారికి అదే నష్టం. కాయ ఎర్రదనం లైకోపీన్ అనే సహజమైన రంగుది, టమాటాను ఎర్రగా చేసేదీ అదే. రసం తగిలితే కాగితం కాస్త గులాబీ రంగుకు తిరగడం మామూలే. ముక్కలు కోసి పెట్టే బండి మీద, రసం చేసే గ్లాసులో ఎవరైనా రంగు కలిపే వీలుంది, అది వేరే తనిఖీ.

పీచు మిఠాయి విషయంలో నమూనా తీశారు, ల్యాబ్ పేరు పెట్టి చెప్పింది, తర్వాతే మంత్రి మాట్లాడారు. పుచ్చకాయ దగ్గర మాట ముందు నడిచింది. ఒక అధికారి కెమెరా ముందు 'అనుమానం' అన్న మాట వాడితే, అది సాయంత్రానికల్లా వాట్సాప్‌లో 'తేలింది' అయిపోతుంది. నమూనాలు ఎన్ని తీశారు, ఏ పరీక్ష చేశారు, ఎన్నిటిలో ఏం దొరికింది, అది కాయలోనా ముక్కలోనా, ఏ మార్కెట్‌లో అన్న ఐదు వివరాలు లేకుండా శాఖలు తిండి గురించి ప్రకటన చేయకూడదని ఒక నియమం పెట్టుకుంటే సగం గోల తగ్గుతుంది. ఆ ఏడాది అమ్ముడుపోని పుచ్చకాయలకు నష్టపరిహారం లెక్క కట్టడానికి మాత్రం ఈ చట్టంలో ఏ సెక్షనూ లేదు.